తోమని రూపాయి

మా హుకుంపేట వైపు పెద్దవయసు ఆడవాళ్ళ మెడలో రూపాయల దండ కనిపించడం ఇప్పుడు బాగా తగ్గిపోయింది. నా చిన్నప్పుడు సంతకి వెళ్తే ప్రతి వరసలోనూ ఒకరిద్దరు కనిపించేవారు. అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళు థింసా ఆడేవాళ్ళ మెడలో ఆ దండ చూసి ఫోటోలు తీసుకుంటారు, నగ అనుకుంటారు. నగే, కాదనను. కానీ అంతకంటే ముందు అది పాసుపుస్తకం. పసుపు బాగా పండిన ఏడు ఒక రూపాయి దండలో చేరేది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిన ఏడు ఒకటి ఊడేది. బ్యాంకులు ఘాట్ రోడ్డు ఎక్కి రాకముందు, ఇంటి తలుపుకి తాళం కూడా లేని రోజుల్లో, మెడే బీరువా.

మా మామ్మకి అలాంటి దండ ఉంది. పద్దెనిమిది రూపాయలు. అది కాక విడిగా ఇంకొక రూపాయి ఉండేది. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ పంతొమ్మిదో దాని గురించి.

కిందటి ఏడాది వానాకాలంలో మా చిన్నాన్న కూతురికి విశాఖలో నర్సింగ్ సీటు వచ్చింది. మా ఇంట్లో ఆ చదువు చదివినవాళ్ళు ఇంతవరకు లేరు. హాస్టలు డిపాజిట్టు, యూనిఫారాలు, పుస్తకాలు అన్నీ కలిపి పన్నెండు వేలు వెంటనే కట్టాలన్నారు. చిన్నాన్నకి కాఫీ డబ్బులు శీతాకాలంలో గానీ రావు. పసుపు అప్పటికే అమ్మేశారు, ఆ డబ్బు అప్పటికే అయిపోయింది. అప్పు చేద్దామా అని చిన్నాన్న నసుగుతుంటే మామ్మ మెడలో దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అప్పెందుకురా, రూపాయలున్నాయి కదా" అంది.

అప్పుడే ట్రంకుపెట్టెలోంచి ఆ విడి రూపాయి కూడా బయటికొచ్చింది. గోధుమరంగు కాగితంలో మడిచి, దాన్ని మళ్ళీ గుడ్డసంచిలో పెట్టి ఉంచారు. దండలో ఎందుకు చేర్చలేదని అడిగితే మామ్మ చెప్పిన కారణం చాలా మామూలుది. కొక్కెం మాటు వేయించాలంటే కంసాలికి కూలివ్వాలి. ఆ ఏడు కూలికి డబ్బుల్లేవు. తర్వాత చూద్దాంలే అని మా తాత పక్కన పెట్టాడు. అంతే, అలా ఉండిపోయింది.

కాగితం విప్పితే నాకు మొదట కనిపించింది రాజు బొమ్మ కాదు, రంగు. అంచు చుట్టూ నెమలిమెడ నీలం. లోపలికి వచ్చేకొద్దీ ఊదా, తర్వాత ఎర్రటి బంగారు రంగు. నడిమధ్యన, రాజుగారి చెంప మీద మాత్రం పాత వెండి తెలుపు. వెనకవైపు ఇంకా ముదురు. ఒక పక్క దాదాపు నలుపే.

"అయ్యో, ఎలా అయిపోయిందో చూడు. ఇలా ఇయ్యి, కాస్త చింతపండు పెట్టి తోమేస్తే తళతళలాడిపోద్ది" అంటూ పిన్ని చెయ్యి చాపింది. మా కొండల్లో చింతపండుకి కొదవేముంది? దండలో పద్దెనిమిది రూపాయలూ ప్రతి పండక్కీ చింతపండుతో, బూడిదతో అలాగే మెరుస్తూ వచ్చాయి. నేను మాత్రం ఆ ఒక్కదాన్ని ఇవ్వలేదు. విశాఖలో నాకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన నాణేలు పోగేస్తారు. ఆయన ఆల్బమ్ చూసినప్పుడల్లా ఒకటే మాట అంటారు: "ఎవరైనా పాత నాణెం తెచ్చి ఇస్తే ముందు చేతులు వెనక్కి కట్టుకోవాలోయ్. తుడవాలనిపిస్తుంది."

సంతలో వెండి కొనే ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళాం, ధర తెలుసుకుందామని. దండ కాటా మీద పెట్టాడు, విడిది చేతిలోకి తీసుకుని మొహం చిట్లించాడు. "ఇది మసి పట్టిపోయింది. అయినా అన్నిటితో పాటే కట్టేస్తాలే. రూపాయికి ఆరొందలు" అన్నాడు. పంతొమ్మిదికీ కలిపి 11,400. ఇంకో ఆరొందలు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుంటే పన్నెండు వేలు పూర్తవుతాయి. చిన్నాన్న తల ఊపేశాడు కూడా. కట్టాల్సిన సొమ్ముకి దగ్గర దగ్గరగా ఉన్న మొత్తం ఎవరైనా చెబితే మనకి అది న్యాయమైన ధరలాగే అనిపిస్తుంది. అది ధర కాదు, మన అవసరం. ఆ రెండూ ఒకటే అనిపించేలా చేయడం వెండి కొనేవాడికి వచ్చిన విద్య.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. పాత వెండి రూపాయి ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది నోటికి రావాలి. కంపెనీవాళ్ళు 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువు 180 గ్రెయిన్లు. అంటే ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అదే తులం. మన పెద్దవాళ్ళు 'రూపాయి ఎత్తు' అనేవారంటే అదే. ఎనభై రూపాయల ఎత్తు సేరు, నూట ఇరవై రూపాయల ఎత్తు వీశె. తూకంరాయి లేనిచోట రూపాయలే తూకంరాళ్ళు. అందులో పన్నెండు పాళ్ళకి పదకొండు పాళ్ళు వెండి, మిగతాది కల్తీ లోహం. అంటే నికర వెండి 10.69 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలుంటే ఒక్కో బిళ్ళలో వెయ్యీ డెబ్భై రూపాయల వెండి ఉన్నట్టు. ధర రెండు లక్షలయితే రెండు వేల నూట నలభై. కిలో ధరని వందతో భాగించి, పైన నూటికి ఏడు కలుపుకుంటే చాలు. కరిగించే ఖర్చు, అరుగుదల, కొనేవాడి లాభం అందులోంచి పోతాయి, అది న్యాయమే. కానీ సగం పోకూడదు కదా.

ఒక్క మినహాయింపు. 1940 నుంచి 1945 దాకా యుద్ధం రోజుల్లో వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. బరువు అంతే ఉంటుంది, కొలత అంతే ఉంటుంది, లోపల రాగీ నికెలూ జింకూ. 1947 రూపాయిలో అయితే వెండే లేదు, మొత్తం నికెల్. మామ్మ దండలో ఏ రాజువి ఎన్ని ఉన్నాయో ఆ రాత్రి నేనూ చెల్లీ కూర్చుని లెక్కేశాం. రాణి బొమ్మవి రెండు. కిరీటం లేని ఏడో ఎడ్వర్డువి మూడు, మామ్మ వాటిని బోడిగుండు రూపాయలంటుంది. ఐదో జార్జివి పదకొండు. యుద్ధం నాటి సగం వెండివి రెండు. ఆ వారం కిలో వెండి లక్ష పైనే ఉంది. అరుగుదల తీసేసినా మొత్తం మీద పద్దెనిమిది, పంతొమ్మిది వేల వెండికి సంతలో ఆయన 11,400 అన్నాడన్నమాట.

మర్నాడు విశాఖ బస్సెక్కాను. మధ్యలో మా బావ ఫోను. "అమెరికాలో నా ఫ్రెండున్నాడు, అక్కడ వేలంలో పెడితే డాలర్లలో వస్తుంది, కొరియర్ చేసెయ్" అన్నాడు. కుదరదని చెప్పాను. వందేళ్ళు దాటిన నాణెం మన చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకి పంపడాన్ని నిషేధించింది. దేశం లోపల సొంత వస్తువు అమ్ముకోవచ్చు. వాటినే వ్యాపారంగా చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. ఇంకో సంగతి కూడా మా వైపు వాళ్ళు తెలుసుకోవాలి. పొలం దున్నుతుంటే దొరికిన నాణేలు ఇంట్లోవాటితో సమానం కాదు. నిధి అని చెప్పదగ్గది ఏది దొరికినా, విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఇక ఫోన్లలో వచ్చే మెసేజీల సంగతి. ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకి లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు, మీ దగ్గరుంటే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి. మా ఊరి కుర్రాడొకడు అలా ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు, తర్వాత పన్ను కట్టమన్నారు. వాడి నాణెం వాడి దగ్గరే ఉంది, డబ్బులు పోయాయి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నోట్లకీ నాణేలకీ కమీషన్లు గుంజుతున్నారని, తాము అలాంటి లావాదేవీలు చేయమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మనకి డబ్బివ్వాలి గానీ, మన దగ్గర తీసుకోవడమేంటి?

మాస్టారు రూపాయిని వేళ్ళతో అంచు దగ్గర మాత్రమే పట్టుకున్నారు. ముందు తూచారు, 11.64. అయస్కాంతం దగ్గర పెట్టారు, అంటుకోలేదు. భూతద్దంలో అంచు గీతలు చూశారు, పోతపోసిన దొంగనాణేలకి అవి మొద్దుబారి, అక్షరాల పక్కన చిన్న చిన్న బుడగల గుంటలు ఉంటాయట. 1918. వెనక తామరపువ్వు కింద చిన్న చుక్క, అంటే బొంబాయి టంకశాల. కలకత్తాది అయితే చుక్క ఉండదు.

తర్వాత లైటు కింద పెట్టి మెల్లగా అటూ ఇటూ వంచారు. నన్నూ చూడమన్నారు. ఆ నీలం, ఊదా రంగుల కిందనుంచి వెలుగు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతోంది. "అదీ విషయం" అన్నారు ఆయన. "రంగు కాదు, రంగు కింద ఈ మెరుపు."

అచ్చు పడినప్పుడు ఆ ఒత్తిడికి లోహం అంచులవైపు జారి కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయట. ఆ మెరుపు వాటిదే. నాలుగు చేతులు మారితే ముందు అరిగేది అదే. ఒక్కసారి బూడిద పెట్టి రుద్దినా పోతుంది. పోయాక ఏ పాలిషూ దాన్ని తిరిగి తేలేదు. పాలిషు మెరుపు వేరు, పుట్టుమెరుపు వేరు. ఇక రంగు సంగతి. వెండి గాలిలోని గంధకంతో కలిసి పైన పల్చటి పొర కడుతుంది. వానకి తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు ఎందుకొస్తాయో ఇక్కడా అందుకే. వెలుగు ఆ పొర పైనుంచీ అడుగునుంచీ వెనక్కి వస్తూ కలుస్తుంది. పొర మందాన్ని బట్టి ముందు లేత బంగారు రంగు, తర్వాత ఎరుపు, ఊదా, ఆపైన నీలం, చివరికి నలుపు. పాత కాగితాల్లో, గుడ్డల్లో గంధకం ఉంటుంది. గాలి తగిలే అంచు నుంచి రంగు మొదలై లోపలికి నడిచింది. మా తాత కంసాలికి ఇవ్వలేకపోయిన కూలి ఈ పని చేసిపెట్టింది.

రంగులున్న నాణెం కనబడితే సేకరించేవాళ్ళు ముందు అనుమానపడతారు. గంధకం మందులతో, వేడితో ఒక్కరోజులో రంగు తెప్పించే మహానుభావులున్నారు. అలాంటి రంగు వరస తప్పి ఉంటుంది, బంగారు రంగు పక్కనే ఉన్నట్టుండి ముదురు నీలం. గీతలు పడ్డ చోట గీతల్లోకి కూడా దిగుతుంది, ఎందుకంటే గీతలు ముందు, రంగు తర్వాత. రంగు కింద మెరుపు ఉండదు. తోమేసిన నాణేన్ని కప్పిపుచ్చడానికే చాలాసార్లు ఈ వేషం.

"మరి దీని విలువ?" అన్నాను.

"1918 రూపాయి అరుదైనది కాదోయ్. ముందే చెప్తున్నా, ఆశ పెట్టుకోకు" అన్నారు.

ఎందుకు కాదో చెప్పారు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి ఎంత కరువొచ్చిందంటే, 1917 నవంబరు 30న మన దేశంలో మొదటిసారి రూపాయి కాగితం వేశారు. నోటు తెచ్చినవాళ్ళకి వెండి ఇవ్వలేని పరిస్థితి. అప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలో ఉన్న వెండి డాలర్లు పాతిక కోట్లకు పైగా కరిగించి ఇండియా కోసం బ్రిటనుకి అమ్మింది. ఆ వెండి ఇక్కడి టంకశాలల్లో రూపాయలైంది. అలా ఆ రెండు మూడేళ్ళలో కోట్లకొద్దీ వచ్చాయి. హుకుంపేట సంతలో పసుపు అమ్మి తెచ్చుకున్న రూపాయిలో ఏ అమెరికా డాలరు కరిగి ఉందో అనుకుంటే నాకు నవ్వొచ్చింది. మా బావ అమెరికా పంపమంటాడు. అక్కడినుంచే వచ్చిందేమో!

అరుదైనవంటే 1911 రూపాయి లాంటివి. రాజుగారి అంగవస్త్రం మీద ఏనుగు బొమ్మ తొండం పొట్టిదై పందిలా కనిపించిందని గొడవైంది. చాలావాటిని వెనక్కి తీసుకుని కరిగించారు. మరుసటి ఏడు ఏనుగుని సరిగ్గా చెక్కారు. 1939 రూపాయి కూడా దొరకడం కష్టం. నాణెం వయసు చూసి ధర కట్టకూడదు. 1862 రాణి రూపాయి వయసులో పెద్దదే, కానీ అదే సంవత్సరం అంకెతో ఏళ్ళ తరబడి అచ్చు వేశారు. బోలెడన్ని ఉన్నాయి.

"కాబట్టి దీనికి తేదీ వల్ల విలువ లేదు, ఉన్న స్థితి వల్ల ఉంది. ఏనుగు మీద అరుగుదల చూడు, దాదాపు లేదు. ఇలాంటివి తక్కువ. మిగతావన్నీ మీ మామ్మ దండలోలాగా తోముళ్ళు పడ్డవే" అన్నారు. బెంగళూరు మరుధర్ ఆర్ట్స్, ముంబై తోడివాలా వేలం కేటలాగులు తీసి చూపించారు. మంచి నాణేలకి అక్కడ మంచి ధరలే ఉన్నాయి. కానీ ఒక్క మామూలు తేదీ రూపాయికి అక్కడిదాకా వెళ్తే కమీషను, గ్రేడింగు ఖర్చు, నెలల నిరీక్షణ. మాకు ఉన్నది వారం.

తానే తీసుకుంటానని 4,500 చెప్పారు. "నేను కొనేవాణ్ణి, నా మాట ఒక్కటే నమ్మకు, ఇంకోచోట అడిగిరా" అని కూడా అన్నారు. అడిగాను. ఊళ్ళో నాణేల వ్యాపారి ఒకాయన రెండు వేలన్నాడు. "వెనకవైపు నల్లగా ఉంది, నేను మందులో ముంచి తెల్లగా చేయాలి" అన్నాడు. నిజానికి ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందరికీ రంగు నచ్చాలని లేదు. నలుపు దాకా వెళ్ళిన పొర కింద లోహాన్ని తినడం మొదలుపెడుతుంది, దాన్ని అందం అనలేం. మా రూపాయి ముందువైపు అందం, వెనకవైపు వివాదం. ఒకరు ముందువైపు చూసి ధర చెప్పారు, ఇంకొకరు వెనకవైపు చూసి చెప్పారు. నేను ముందువైపు చూసినాయన దగ్గరికే తిరిగి వెళ్ళి ఆరు వేలు అడిగాను. 5,200 దగ్గర తెగింది.

మరి దండ? దాన్ని కూడా మాస్టారికి ఫోటోలో చూపించాను. కొక్కేల మాటు పడ్డాక సేకరించేవాళ్ళు దాన్ని నాణెం కింద లెక్కేయరట. రాణి రూపాయలైనా అంతే, వెండి ధరే. మనసుకి కష్టంగా అనిపించింది, అబద్ధమెందుకు. మామ్మ మెడలో డెబ్భై ఏళ్ళు ఉన్నదానికి విలువ లేదు, పెట్టెలో మరిచిపోయినదానికి ఉంది. కానీ నాణేలు కొనేవాళ్ళ పుస్తకంలో అది రూలు. వాళ్ళకి కావలసింది మనిషి తగలని నాణెం. మామ్మకి కావలసింది మనిషికి తగిలి ఉండే డబ్బు.

ఇంకా 6,800 తక్కువ. వెండి లెక్కకట్టి కొనే దుకాణంలో పాత రూపాయికి 980 ఇస్తామన్నారు. మామ్మకి ఫోన్ చేసి ఏడు తీయాల్సి వస్తుందని చెప్పాను. ఆవిడ ఏమాత్రం బాధపడలేదు. అసలు దండ ఉన్నదే అందుకన్నట్టు మాట్లాడింది. మా నాన్న చదువుకోసం రెండు, చిన్నాన్నకి మలేరియా వచ్చినప్పుడు మూడు అలాగే ఊడాయట. పాతికకి పైగా ఉండేవట ఒకప్పుడు. నేనే దాన్ని ముట్టుకోకూడని వస్తువుగా చూస్తున్నాను. ఆవిడ కాదు.

ఏవి తీయాలో మాత్రం తనే చెప్పింది. "బోడిగుండువి తీయకు, అవి మా అమ్మవి. రాణివి కూడా ఉండనీ. జార్జిగాడివి బోలెడు, వాడివి తియ్యి."

"ఆ రెండూ సగం వెండివి మామ్మా. అవి అమ్మినా పెద్దగా రాదు."

"రాకపోతే ఉండనీ. నా మెడకేం తెలుస్తాది?"

అలా ఏడు అయిదో జార్జిలు వెళ్ళాయి. 6,860. మొత్తం 12,060. చెల్లి హాస్టలు రసీదు ఫోటో తీసి పంపింది. ఆ ఏడాది చివరికి వెండి కిలో రెండు లక్షలు దాటింది. ఆగి ఉంటే రెట్టింపు వచ్చేదని మా బావ కనబడినప్పుడల్లా అంటాడు. సీటు ఆగుతుందా మరి?

తర్వాతి నెల ఊరెళ్తే మామ్మ దండ మెడలోనే ఉంది. పదకొండు రూపాయల మధ్య ఖాళీల్లో సంతలో కొన్న ఎర్రపూసలు గుచ్చుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఆ మాస్టారు దాన్ని తోముకుని పెట్టుకుంటాడా?"

"తోమడు మామ్మా. అలాగే ఉంచుతాడు."

"దండలో గుచ్చుకుంటాడా?"

"లేదు. పెట్టెలో పెట్టుకుని అప్పుడప్పుడు తీసి చూసుకుంటాడు."

మామ్మ కాసేపు నా మొహంలోకి చూసింది, నేను హాస్యమాడుతున్నానేమోనని. తర్వాత పిన్నిని కేకేసింది. "ఏమే, విన్నావా? అయిదు వేలిచ్చి కొన్నాడట. చూడ్డానికట!"